రొయ్యల షెడ్డులో వెనక తలుపు

మా వీధిలో ఒక అమ్మాయి జువాలజీలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. సముద్రపు ఒడ్డున ఉన్న ఒక రొయ్యల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం వచ్చిందని వాళ్లమ్మతో కలిసి మిఠాయి పట్టుకొని మా ఇంటికి వచ్చింది. “ఆంటీ, మీరు చేసిన ఉద్యోగమే కదా. ఏమేం తెలుసుకోవాలో చెప్పండి” అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆ పిల్ల చేతిలో కాఫీ చల్లారిపోయింది. వాళ్లమ్మ “మంచి కబురు సెప్దామని వొస్తే ఈ మాటలేటి వదినా” అని లేచింది. ఇద్దరూ వెళ్లిపోయారు.

ఆవిడ నొచ్చుకోవడంలో తప్పు లేదు. శుభం పలకాల్సిన చోట నేను గ్యాసు గురించి, ఆసుపత్రి గురించి మాట్లాడాను. కానీ ఆ ఉద్యోగంలో నాకు నిజంగా తెలిసింది అదే. అందుకే నోటితో పూర్తి చేయలేకపోయినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వెళ్లే పిల్లలు చదివితే చాలు.

ముక్కు చెప్పేది

నా పేరు పార్వతి. మాది చోడవరం. ఇక్కడి నుంచి సముద్రం కనిపించదు, వినిపించదు. మా నాన్న చెరకు రైతు. మా ఇంట్లో ఎండు చేపలు తప్ప సముద్రంతో ఎవరికీ పనిపడలేదు. అలాంటిదాన్ని ఉద్యోగమంతా సముద్రపు సరుకు మధ్యే గడిపాను. రిటైరయ్యేనాటికి నా హోదా పేరు చాలా పొడుగైంది గాని, షెడ్డులో ఆడవాళ్లకు మాత్రం నేను మొదటి నుంచి చివరిదాకా లేబు మేడాన్నే.

నా మొదటి బాసు కురియన్ గారు కేరళ మనిషి. తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడేవారు. నేను చేరిన రోజున మైక్రోస్కోపు చూపిస్తారనుకున్నాను. ఆయన నన్ను ముందు కంప్రెసర్ గదికి తీసుకెళ్లారు. రొయ్యను గడ్డకట్టించే యంత్రాలన్నీ అమ్మోనియా మీద నడుస్తాయని, ఆ గొట్టాల్లో ఉన్నది బయటికొస్తే కళ్లు, గొంతు, ఊపిరితిత్తులు కాలిపోతాయని చెప్పారు. ఒక కవాటం దగ్గర నిలబెట్టి, “ఈ వాసన గుర్తుపెట్టుకో” అన్నారు. పశువుల కొట్టంలో వచ్చే ఘాటు లాంటిది, కానీ కత్తిలా ఉంది. తరవాత మేడ మీదికి తీసుకెళ్లి గాలికి ఊగుతున్న గుడ్డసంచీని చూపించారు. “వాసన గట్టిగా వచ్చిన రోజు మొదట గాలి ఎటు పోతోందో చూడు. తరవాత పరిగెత్తు. గాలికి ఎదురుగా పరిగెత్తు.”

ఆ తరవాతే రొయ్య. తల తుంచి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. “లేబ్ రిపోర్ట్ రేపు చెప్తుంది. ముక్కు ఇప్పుడు చెప్తుంది” అనేవారు. ఒకసారి ఐసు చాలక మెత్తబడిన సరుకును ఒక బోటు యజమాని తీసుకొచ్చాడు. ఆయన పలుకుబడి ఉన్న మనిషి. కురియన్ గారు వాసన చూసి వద్దన్నారు. ఆయన అరిచాడు, ఫోన్లు చేయించాడు. కురియన్ గారు కదల్లేదు. అంతా వెళ్లాక నాతో, “సరే అనడానికి ఇక్కడ చాలామంది ఉన్నారు. మనకు జీతం వద్దు అనడానికి” అన్నారు. ఈ ఉద్యోగం గురించి ఇంతకంటే తిన్నని మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

సముద్రం నుంచి చెరువుకు

నేను చేరినప్పుడు మాకు వచ్చే రొయ్య ఎక్కువగా సముద్రానిదే. బోట్లు వచ్చేవి, జెట్టీ మీద వేలం జరిగేది. ఏడాదికేడాది బోట్లు దూరం పోవడం మొదలైంది. ఒక సరంగు, అంటే బోటు నడిపే మనిషి, నాతో అన్న మాట గుర్తుంది. “ఇదివరకు ఒడ్డు మీద తాడిచెట్లు కనిపిస్తండగానే వల నిండిపోయీదమ్మా. ఇప్పుడు డీజిలంతా కాల్చుకుని ఎల్లినా చెత్తే వస్తంది.” పెద్ద బోట్లు సముద్రం అడుగంతా గీకేశాయి. పిల్ల చేపను కూడా వదల్లేదు. ఒడ్డున కట్టిన పరిశ్రమల మురికి ఎక్కడికి పోతోందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

సముద్రం ఇవ్వనిదాన్ని చెరువులు ఇచ్చాయి. చెరువుల్లో పెంచే వెనామీ రకం రొయ్య వచ్చింది. ఫ్యాక్టరీలు పెరిగాయి, కంటెయినర్లు పెరిగాయి. పెద్ద హోటళ్లలో సభలు పెట్టి, మన దేశానికున్న ఇంత పొడుగు తీరం బంగారు గని అని చెప్పేవారు. నేనూ కొన్నిటికి వెళ్లాను. ఆ మాట అబద్ధం కాదు. తీరం బువ్వ పెడుతుంది. మా వైపు వందల ఇళ్లలో ఆడవాళ్ల చేతికి మొదటిసారి సొంత జీతం వచ్చింది అక్కడి నుంచే. కానీ ఆ సభల్లో ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఇంత పెద్ద వ్యాపారాన్ని మనం ఒకే రకం రొయ్య మీద, ఒకటి రెండు దేశాల కొనుగోలు మీద నిలబెట్టాం. అక్కడ వాళ్లు తుమ్మితే ఇక్కడ షిఫ్టు ఆగిపోతుంది. మన ఊళ్లో మనిషి తినే సరుకుగా దాన్ని మార్చే ప్రయత్నం ఎవరూ మనసుపెట్టి చేయలేదు.

అప్పలరాజు అని ఒక చెరువు రైతు ఉండేవాడు. అతని సరుకులో నిషేధించిన మందు ఆనవాలు దొరికింది. నేను వద్దన్నాను. అతను లేబు మెట్ల మీద కూర్చొని, “నా సెరువులో నాను ఏటి ఏసేనో నాకు తెల్దా మేడం?” అని అడిగాడు. నిజంగానే తెలియదు. డీలరు బలానికని అమ్మిన డబ్బాలో ఆ మందు కలిసి ఉంది. తప్పు ఒకడిది, పంట పోయింది ఇంకొకడిది. మరుసటి ఏడు అతను చెరువు ఎండబెట్టేశాడు. ఉప్పు పట్టిన ఆ నేలలో మళ్లీ వరి మొలవలేదు. అతను విశాఖపట్నంలో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్లాడని విన్నాను. నేను వద్దనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకోను. కానీ ఈ ఉద్యోగంలో సరైన పని చేసినప్పుడు కూడా ఎవరో ఒకరు కూలిపోతారని తెలుసుకొని రండి.

చలిహాల్లో మావాళ్లు

రొయ్యను ఒలిచేది మగవాళ్లు కాదు. చాలావరకు సముద్రపు ఒడ్డువాళ్లు కూడా కాదు. బుచ్చయ్యపేట, కె.కోటపాడు, దేవరాపల్లి మండలాల ఊళ్ల నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే ఆడవాళ్లు. చెరకు తగ్గిపోయి పొలం పని దొరకనప్పుడు ఆ బస్సులు వచ్చాయి. నేనూ చోడవరంలో అదే బస్సు ఎక్కేదాన్ని.

అందులో బుచ్చయ్యపేట దగ్గర పల్లె నుంచి నూకరత్నం వచ్చేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. తన ఊరి ఆడవాళ్ల గుంపుకు మేస్త్రి. ఎవరు రాలేదో, ఎవరికి ఒంట్లో బాగోలేదో ఆవిడే చూసుకునేది. గొంతు పెద్దది. బస్సులో ఆవిడ నవ్వితే డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూసేవాడు. నన్ను మేడం అంటూనే నువ్వు అనేది. మా వైపు అది అమర్యాద కాదు, దగ్గరితనం.

పీలింగ్ హాలు ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఉండాలి, లేకపోతే రొయ్య పాడవుతుంది. ఐసులో ఉన్న రొయ్యను రోజంతా ఒలిస్తే వేళ్లు మొద్దుబారిపోతాయి. చర్మం తెల్లగా ఉబ్బి గోళ్ల చుట్టూ పగులుతుంది. చేతులు ముంచే క్లోరిన్ నీళ్లు ఆ పగుళ్ల మీద మండుతాయి. గ్లవ్స్ ఇచ్చేవారు, కానీ చవకవి. మధ్యాహ్నానికి చిరిగిపోయేవి. “అన్నం కలుపుకుంటే కారం తగిలి సెయ్యి మండిపోతంది మేడం, సెంచాతో తినడం నేర్సుకున్నాం. దొరసానులమైపోయేం” అని నూకరత్నం నవ్వేది.

హాలు వెనకవైపు ఒక ఇనుప తలుపు ఉండేది. ప్రమాదం వస్తే బయటపడటానికి పెట్టిన తలుపు. అది తీస్తే ఇసుక, సరుగుడు చెట్లు, ఎండ. టీ సమయంలో ఆడవాళ్లు ఆ తలుపు తీసి గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ ఎండలోకి చాచి వేళ్లు కాచుకునేవారు. సూపర్వైజర్లు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. నేనూ అంతే.

తాళం

కురియన్ గారు వయసు మీదపడి కేరళ వెళ్లిపోయారు. ఆ తరవాత రమణమూర్తి గారు ప్లాంటు మేనేజరుగా వచ్చారు. పని తెలిసిన మనిషి, తిట్టని మనిషి. పైవాళ్లంటే మాత్రం భయం.

ఒకసారి విదేశం నుంచి కొనుగోలుదారు తరఫు తనిఖీ మనిషి వచ్చాడు. హాల్లో ఒలిచిన రొయ్యల ట్రే మీద ఈగ కనిపించింది. ఎలా వచ్చిందని చూస్తే వెనక తలుపు తీసి ఉంది. ఆ ఒక్క ఈగతో మా ఫ్యాక్టరీ పేరు వాళ్ల దేశంలో చెడుతుందని రమణమూర్తి గారు వణికిపోయారు. తనిఖీ మనిషి వెళ్లిన సాయంత్రమే ఆ తలుపుకు గొళ్లెం బిగించి తాళం వేయించారు. తాళం చెవి ముందువైపు సూపర్వైజరు గదిలో పెట్టారు.

నేను ఆయన గదికి వెళ్లాను. “సార్, అది ప్రమాద ద్వారం. తాళం వేయకూడదు.”

“ఈగలు రానివ్వచ్చా మరి?”

“లోపలి నుంచి తోస్తే తెరుచుకొని, తెరవగానే మోగే తలుపులు ఉన్నాయి. అది పెట్టించండి. ఊరికే ఎవరూ తియ్యరు.”

“సీజన్ అయ్యాక చూద్దాం.”

“అందాకా తాళం చెవైనా హాల్లోనే మేకుకు తగిలించండి.”

“తగిలిస్తే తీస్తారు పార్వతి గారూ. మళ్లీ ఎండ కాచుకుంటారు.”

నెలవారీ మీటింగులో లేవనెత్తాను. తరవాతి మీటింగులో మళ్లీ లేవనెత్తాను. నేను నోరు తెరవగానే మిగతావాళ్లు నవ్వుకునే దాకా వచ్చింది. యజమానుల్లో ఒకాయన ఒకసారి వచ్చినప్పుడు ఆయన ముందూ చెప్పాను. ఆయన రమణమూర్తి గారి వైపు చూసి, “చూడండి” అన్నారు. ఆ మాటకు చేయమనే అర్థం కాదని నాకు అప్పుడే తెలిసింది. ఆడవాళ్లు చేతులు చంకల్లో పెట్టుకొని టీ తాగడం అలవాటు చేసుకున్నారు.

ఆ ఉదయం

చెరువుల్లో పంట ఒక్కసారిగా పట్టే రోజులవి. హాలు నిండా మనుషులు. బస్సుల్లో కొత్తవాళ్లనూ తెచ్చారు. వాళ్లలో గౌరి ఒకతి. నూకరత్నం చెల్లెలి కూతురు. ఇంటర్ తప్పి ఇంట్లో ఉంటే, నూకరత్నమే వాళ్లమ్మను ఒప్పించి పనికి తీసుకొచ్చింది.

హాలు ముందువైపు ఒక నడవ ఉండేది. దానికి ఒక పక్క ఫ్రీజర్లు, ఇంకో పక్క ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గది. అందరూ లోపలికొచ్చేదీ బయటికెళ్లేదీ ఆ నడవలోంచే. నా లేబు హాలును ఆనుకొని వెనకవైపు ఉండేది.

నేను స్లైడు చూస్తుండగా లారీ టైరు పేలినట్టు చప్పుడైంది. తల ఎత్తేసరికి నడవలోంచి తెల్లటి పొగ నేల మీద పాకుతూ హాల్లోకి వస్తోంది. వాసన నాకు తెలుసు. ఫ్రీజరుకు వెళ్లే గొట్టం వంపు దగ్గర తెగింది. ఉప్పుగాలికి లోపలే తుప్పుపట్టిపోయిందని, పైన చలువ పోకుండా వేసిన తొడుగు ఉండటం వల్ల కనబడలేదని తరవాత తేలింది.

ఆడవాళ్లు అలవాటు కొద్దీ నడవ వైపు పరిగెత్తారు. ముందున్నవాళ్లు కళ్లు మూసుకొని అరుస్తూ వెనక్కి తిరిగారు. అందరూ ఒకరి మీద ఒకరు పడుతూ వెనక తలుపు దగ్గరికి వచ్చారు. తాళం ఉంది.

కొందరు తలగుడ్డలు విప్పి, చేతులు ముంచే టబ్బులో తడపబోయారు. నేను లేబు తలుపులోంచి గొంతు చించుకొని అరిచాను. “టబ్బు నీళ్లొద్దు! తాగే నీళ్లు! తాగే నీళ్లు!” క్లోరిన్ నీళ్లకు అమ్మోనియా కలిస్తే ఇంకో విషం పుడుతుంది. మంచినీళ్ల డ్రమ్మును ఇద్దరు దొర్లించేశారు. నేల మీద పారిన నీళ్లలోనే గుడ్డలు అద్దుకొని ముక్కులకు కట్టుకున్నారు. నేను స్టూలు ఎత్తి లేబు కిటికీ అద్దం పగలగొట్టాను. సన్నగా ఉన్నవాళ్లను అందులోంచి తోసేశాం.

తలుపు దగ్గర నూకరత్నం గొంతు వినిపిస్తోంది. “ఏడవకండే! ట్రాలీ లాగండి, ట్రాలీ!” రొయ్యల బుట్టలు మోసే ఇనుప ట్రాలీని నలుగురైదుగురు వెనక్కి లాగి తలుపుకేసి కొట్టారు. మళ్లీ కొట్టారు. తాళం విరగలేదు. తుప్పుపట్టిన ఫ్రేములోంచి గొళ్లెం మరలే ఊడివచ్చాయి. తలుపు తెరుచుకుంది.

నేనూ వాళ్లతో బయటపడి చూస్తే సరుగుడు చెట్లు రోడ్డు వైపు వంగి ఉన్నాయి. గాలి సముద్రం మీద నుంచి వస్తోంది. ఆడవాళ్లు మాత్రం ఇంటిదారి కాబట్టి రోడ్డు వైపే పరిగెత్తబోయారు. “అటు కాదు! సముద్రం వైపు! నీళ్ల దగ్గరికి పొండి!” అని అరిచాను. దొరికినవాళ్లను దొరికినట్టు అటు నెట్టాను. ఇసుకలో పడుతూ లేస్తూ వెళ్లారు.

నూకరత్నం తనవాళ్లను పేరుపేరునా పిలిచింది. అందరూ పలికారు. గౌరి పలకలేదు.

“గుంటెక్కడే? గౌరి ఎక్కడే?”

ఎవరో చెప్పారు. గౌరి వేలు తెగితే కట్టు కట్టుకోవడానికి బట్టల గదికి వెళ్లిందట. ఆ గది నడవ పక్కన, పొగ పుట్టిన చోటికి ఎదురుగా.

నూకరత్నం వెనక్కి తిరిగింది. నేను చెయ్యి పట్టుకున్నాను. “ఫైరు వాళ్లు వస్తారు, మాస్కులతో వెళ్తారు. నువ్వు వెళ్తే నువ్వూ పోతావు.”

“ఒదులు మేడం. దాని అమ్మకి నానే మాటిచ్చి తెచ్చేను.”

నా చెయ్యి విదిలించుకొని వెళ్లింది. ముఖానికి తడిగుడ్డ కట్టుకొని, వంగి, గోడ పట్టుకొని పొగలోకి పోయింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఆవిడ పేరు పిలుస్తూనే ఉన్నాను, దారి తెలుస్తుందని. నా కళ్లు మంటెత్తి ఏమీ కనబడటం మానేశాయి. దగ్గు వినిపించింది. తరవాత గౌరిని చంకల కింద పట్టుకొని ఈడ్చుకుంటూ నూకరత్నం బయటికి వచ్చి, ఇసుకలో పడిపోయింది.

తడిగుడ్డ గౌరి ముఖానికి ఉంది. నూకరత్నం ముఖానికి ఏమీ లేదు.

విచారణ

ఆ రోజు ఎవరూ చనిపోలేదు. మరునాడు పేపర్లలో ప్రాణనష్టం తప్పిందని రాశారు. టీవీ వాళ్లూ అదే చెప్పారు. చాలామంది కొద్ది రోజుల్లో ఆసుపత్రి నుంచి ఇళ్లకు వెళ్లారు. గౌరి కోలుకుంది. నూకరత్నం విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ మీద చాలా రోజులు ఉంది.

విచారణకు అధికారి వస్తాడనగా ముందురోజు రమణమూర్తి గారు చోడవరంలో మా ఇంటికి వచ్చారు. యాపిల్స్ తెచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మీరు అబద్ధం చెప్పక్కర్లేదు పార్వతి గారూ. తాళం సంగతి ఎత్తకపోతే చాలు.”

“అడిగితే?”

“గుర్తులేదనండి. ఫ్యాక్టరీ సీలు చేస్తే వాళ్లంతా ఏమైపోతారు? నాకోసం అడగట్లేదు. ఆ ఆడవాళ్ల కోసం ఆలోచించండి.”

తనకోసం కూడా అడుగుతున్నారు. ఆయన కూతురికి పెళ్లి కుదిరిందని నాకు తెలుసు. కానీ ఆయన చెప్పినదాంట్లో ఆడవాళ్ల మాట అబద్ధం కాదు. అదే నన్ను రాత్రంతా తిన్నది.

అధికారి అడిగాడు. “ప్రమాదం జరిగినప్పుడు వెనక తలుపు తీసి ఉందా?”

“తాళం వేసి ఉంది” అన్నాను. ఎప్పటి నుంచి, ఎందుకు, నేను ఎవరెవరికి చెప్పానో అన్నీ చెప్పాను. రమణమూర్తి గారు తల దించుకొని కూర్చున్నారు. యజమానుల తరఫు వకీలు, ఆడవాళ్లు కంగారుపడి సరైన దారిన వెళ్లకపోవడం వల్లే ఇబ్బంది పెరిగిందని వాదించాడు. సరైన దారి ఏదో అతను చెప్పలేదు.

ఫ్యాక్టరీ మూసేశారు. యజమానులకు వేరేచోట ఇంకో ఫ్యాక్టరీ ఉంది, సరుకంతా అక్కడికి మళ్లించారు. కొంత జరిమానా కట్టారని విన్నాను. ఎవరూ జైలుకు వెళ్లలేదు. రమణమూర్తి గారిని తీసేశారు. పై మనిషి “చూడండి” అన్న మాటకు శిక్ష వేసే చట్టం లేదు.

ఒక మధ్యాహ్నం ఆడవాళ్లు మా ఇంటికి వచ్చారు. వరండా నిండిపోయింది. వాళ్లలో నరసమ్మ అనే ఆవిడ, నేను కిటికీలోంచి బయటికి తోసినవాళ్లలో ఒకతి, ముందుకొచ్చింది.

“నిజం సెప్పీసి నువ్వు ఇంట్లో కూకున్నావు మేడం. బానే ఉంది. మా పొయ్యి మీద ఏటి ఎట్టాలి?”

“మళ్లీ అలాంటిది జరక్కూడదని చెప్పాను నరసమ్మా.”

“మళ్లీ జరిగితే అప్పుడు సత్తుం. ఇప్పుడు సత్తన్నాం కదా!”

మంచినీళ్లు ఇస్తే కొందరు తాగారు, కొందరు తాగలేదు. వెళ్లేటప్పుడు నరసమ్మ గుమ్మం దగ్గర ఆగి, “నిన్ను తిట్టడానికి రానేదు. ఎవురిని తిట్టాలో తెలక వొచ్చేం” అంది. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

దగ్గు

నూకరత్నం ఇంటికి చేరాక చూడటానికి వెళ్లాను. అరుగు మీద గోడకు ఆనుకొని కూర్చుంది. ఆ పెద్ద గొంతు పోయింది. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకునేది. ఒక మాట, ఒక దగ్గు. విచారణలో ఏం చెప్పానో, ఆడవాళ్లు ఏమన్నారో చెప్పాను.

“తాళం నువ్వెయ్యనేదు. అడిగితే సెప్పేవు” అంది. కాసేపు దగ్గి, “ఆళ్ల మీద కోపం ఎట్టుకోకు. కడుపు కాలితే మాట అలాగే వస్తంది” అంది.

“నువ్వు ఆ గుడ్డ విప్పకుండా ఉండాల్సింది రత్నం.”

“అది ఊపిరాడక కొట్టుకుంటంది మేడం. ఎవురైనా ఇప్పుతారు.”

అందరూ విప్పరు.

తరవాతి సీజనుకు ఫ్యాక్టరీ కొత్త మేనేజరుతో తెరిచారు. తోస్తే తెరుచుకునే తలుపు పెట్టారు. నేను చెప్పినదే. ఆడవాళ్లను పిలిచారు, నన్ను పిలవలేదు. వేరే ఫ్యాక్టరీల్లో అడిగితే మర్యాదగా మాట్లాడి, కబురు చేస్తామన్నారు. చివరికి మేత తయారుచేసే ఒక చిన్న కంపెనీ లేబులో చేరి, అక్కడే రిటైరయ్యాను. దానికి నాకు బాధ లేదు. బాధ ఏమిటంటే, ఆ తలుపు పెట్టించడానికి ఒక మనిషి ఊపిరితిత్తులు కావలసి వచ్చాయి. పక్క ఫ్యాక్టరీల్లో ఇంకా అలాంటి తలుపులు లేవు. అక్కడ ఎవరి ఊపిరితిత్తులు కావాలో తెలియదు.

ఉద్యోగంలోకి వెళ్లే పిల్లలూ, రొయ్యలో ఏ క్రిమి ఉందో, ఏ మందు ఉందో పట్టుకోవడం మీకు చదువు నేర్పుతుంది. తినేవాడు ఏ దేశంలో ఉన్నా వాడి ఆరోగ్యం కోసం ఇన్ని పరీక్షలు రాసిపెట్టి ఉన్నాయి. ఒలిచేదాని గోటి చుట్టూ పగులుకు ఒక్క పరీక్షా లేదు. అది ఎవరూ మీ పనిగా చెప్పరు. మీరే మీ పనిగా పెట్టుకోవాలి. అలా పెట్టుకుంటే మిమ్మల్ని ఎవరూ మెచ్చుకోరు. ఒక్కోసారి ఎవరికోసం పెట్టుకున్నారో వాళ్లే మీ గుమ్మంలోకొచ్చి నిలదీస్తారు. నిలదీయనివ్వండి.

నూకరత్నం కొన్నేళ్లు అలాగే బతికింది. రాత్రిళ్లు పడుకోలేక కూర్చొనే నిద్రపోయేది. కంపెనీ మొదట్లో మందులిచ్చింది. తరవాత, ఆవిడకు ముందు నుంచీ ఉబ్బసం ఉందని చెప్పి మానేసింది. గౌరి పనికి పోయి వచ్చి పెద్దమ్మను చూసుకునేది. వీపు నిమిరేది, గంజి పట్టేది. పెళ్లి సంబంధాలు వస్తే, తనతోపాటు పెద్దమ్మ కూడా వస్తుందని చెప్పేది. వచ్చినవాళ్లు అలాగే వెళ్లిపోయేవారు.

మొన్న కార్తీకంలో నూకరత్నం పోయింది. ఊళ్లో ఉన్న ఆడవాళ్లంతా వచ్చారు. నరసమ్మ నా పక్కన కూర్చొని ఏడ్చింది. ఏ పేపరులోనూ రాలేదు.

కర్మ అయిన మరునాడు తెల్లవారుతుండగా పాలకు వెళ్తూ చూస్తే, గౌరి చోడవరం జంక్షన్‌లో కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది. టిఫిను క్యారేజీ పట్టుకొని, చలికి కొంగు తలమీదుగా కప్పుకొని. ఊళ్లో ఎక్కాల్సిన పిల్ల ఇక్కడిదాకా ఎందుకొచ్చిందని అడిగితే, తెల్లారకముందే ఇంట్లోంచి బయల్దేరి ఆటోలో వచ్చేసిందట. అమెరికా మన రొయ్యల మీద సుంకం పెంచినప్పటి నుంచి షిఫ్టులు తగ్గించారని, ఆ వారం పని ఉంటుందో ఉండదో కూడా తెలియదని నాకు తెలుసు.

“నాలుగు రోజులు ఇంట్లో ఉండకపోయావా గౌరీ? సెలవు ఇవ్వలేదా?”

“ఇచ్చేరు మేడం.”

“మరి?”

బస్సు లైట్లు మలుపులో కనబడ్డాయి. గౌరి క్యారేజీ ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“ఇంట్లో కూకుంటే పెద్దమ్మ దగ్గు ఇనిపిస్తంది మేడం” అంది. బస్సు ఆగింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చొని, అద్దం మూసుకుంది.